మేనరికం కాదమ్మా, మియోసిస్

మియోసిస్ అనే కణవిభజన పాఠం ఏడాదిలో ఎన్నిసార్లు చెబుతానో నాకే తెలియదు. ద్వారకా నగర్‌లోని మా కోచింగ్ సెంటర్‌లో ఒక బ్యాచ్ మెట్లు దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంటుంది. అందరూ డాక్టర్లు కావలసిన పిల్లలే. పొద్దున వేసిన జోకే మధ్యాహ్నం వేస్తాను, సాయంత్రమూ అదే. వాళ్లు నవ్వుతారు. నాకు గొంతు నొప్పి, మడమల నొప్పి తప్ప ఇంకేమీ రాదు.

ఆ జోకు చెప్పుల గురించి. "గది బయట మీరు విడిచిన జోళ్లు చూడండి," అంటాను. "మీ ఒంట్లో క్రోమోజోములూ అలా జోళ్లే. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. బిడ్డకి జోళ్లకి జోళ్లు ఇచ్చేస్తే తరానికి రెట్టింపై ఇల్లంతా చెప్పులే. అందుకని అండంలోకైనా, శుక్రకణంలోకైనా జోడులో ఒక్కటే వెళ్లాలి. వెళ్లే ముందు రెండూ దగ్గరగా చేరి కాసిని ముక్కలు ఇచ్చి పుచ్చుకుంటాయి. మీ అన్నయ్యకి వచ్చిన బుద్ధులు మీకు రాకపోవడానికి అదే కారణం." అక్కడ నవ్వుతారు. నేను బోర్డు తుడుస్తాను.

ఈ పాఠం చెబుతూనే నేను మూడుసార్లు గర్భం పోగొట్టుకున్నాను.

మా ఆయన మా అమ్మ తమ్ముడి కొడుకే. పోర్టులో షిఫ్టు డ్యూటీ. పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే. మా వాళ్లలో ఆడపిల్ల పుడితే మేనమామ ఇంటికి మొదటి హక్కు. బయట సంబంధం చూడాలన్నా ముందు వాళ్లని అడిగి, కాదనిపించుకుని చూడాలి. మా అమ్మ ఆ అడగడం దాకా కూడా రానివ్వలేదు. స్టీల్ ప్లాంటులో పనిచేసి నలుగురినీ చూసొచ్చిన నాన్న "దగ్గర సంబంధం వద్దే" అంటే అమ్మ మూడు రోజులు ముద్ద ముట్టలేదట. నేను చదువనీ ఉద్యోగమనీ సాగదీస్తుంటే బావ ఆగాడు. మా పెళ్లయ్యేసరికి నాకు ముప్పై నాలుగు దాటాయి.

రెండోసారి పోయినప్పుడు ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ నా వివరాలు రాసుకుంటూ, "మేనరికమా?" అంది. మామూలుగానే అంది. అడగవలసిన మాటే. కానీ అవునన్నాక ఆ అమ్మాయి "ఓహో" అన్న తీరు మంచం పక్కన నిలబడ్డ మా అమ్మ చెవిన పడింది. ఆ ఒక్క "ఓహో" మా రెండిళ్లనీ చిందరవందర చేసింది.

అమ్మ మా ఇంటికి రావడం మానేసింది. తమ్ముడితో మాట్లాడటం మానేసింది. నా మీద బెంగ మాత్రం మానలేకపోయింది. గాజువాక నుంచి బస్సెక్కి, కూర గిన్నె పట్టుకుని, మా కోచింగ్ సెంటర్ కింద జ్యూస్ కొట్టు దగ్గర నిలబడేది. గిన్నె నా చేతికిచ్చి అట్నుంచి అటే బస్టాండు కాంప్లెక్స్‌కి నడిచి తిరుగు బస్సు పట్టుకునేది. ఇంటికి రమ్మంటే ఒకటే మాట.

"నా కాలు మీ ఇంట్లో ఎట్టను. నాను సేసిన పనికే నీ కడుపు నిలవట్లేదు."

నాకు కోపం వచ్చేది. పోయింది నాకు, నేరం నీకా అనిపించేది. నొప్పి నేను పడి, మళ్లీ ఆమెని నేనే ఓదార్చాలి. ఓదార్చే ఓపిక కూడా అయిపోయింది. గిన్నె తీసుకుని క్లాసుకి వెళ్లిపోయేదాన్ని.

మూడోసారి డాక్టరుగారు, పోయిన పిండం ముక్కని పరీక్షకి పంపారు. పదహారో జోడు దగ్గర రెండు ఉండవలసిన చోట మూడు ఉన్నాయని తేలింది. అంటే నా అండం తయారయ్యేటప్పుడు ఆ జోడు విడిపోలేదు. రెండూ కలిసే వెళ్లిపోయాయి. "వయసుతో పెరిగే పొరపాటు. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు," అన్నారాయన. మేనరికంతో వచ్చే చిక్కులు వేరే ఉన్నాయి, అవీ నేను చెప్పే పాఠాలే. ఇది ఆ కోవది కాదు. పిల్లలకి బొమ్మ వేసి మరీ చెప్పిన సంగతి నా గురించి వింటుంటే ఏడుపు కూడా రాలేదు. ఒకటే అనుకున్నాను, అమ్మకి చెప్పాలి. ఇకనైనా మా ఇంటికి వస్తుంది.

మర్నాడే అమ్మ గిన్నెతో వచ్చింది. జ్యూస్ కొట్టు ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో బలవంతాన కూర్చోబెట్టాను. ఎదురుగా బస్సుల హారన్లు. అమ్మతో మాట్లాడేటప్పుడు నా నోటికి క్లాసు భాష రాదు.

"అమ్మా, మేనరికం వల్ల కాదు. డాక్టరుగారే సెప్పినారు."

"అలాగే అంటావులే. నాను బాధపడతానని."

చెప్పుల కథంతా చెప్పాను. నవ్వలేదు. శ్రద్ధగా విని, "మరి ఆ జోడు ఎందుకు విడిపోనేదు? ఎవలో ఒకలు ఏదో సేత్తేనే గదా అలాగయ్యేది," అంది.

"ఎవలూ ఏటీ సెయ్యలేదమ్మా. అది పాత గుడ్డు. మగోళ్లకి రోజూ కొత్తవి తయారవుతాయి. మనకలా కాదు. ఆడపిల్ల తల్లి కడుపులో ఉన్నప్పుడే దాని గుడ్లన్నీ తయారైపోతాయి. జోళ్లు విడిపోయే పని అక్కడే మొదలై, సగంలో ఆగిపోద్ది. ఆ గుడ్డు బయటికొచ్చే నెల దాకా అలాగే ఉంటాది. నాదైతే ముప్పై ఎనిమిదేళ్లు ఆగింది. అన్నేళ్లు అతుక్కునున్న జోడుకి ఒక్కోసారి విడిపోడం సేతగాదు. అంతే."

చెప్పేశాక నాలిక్కరుచుకున్నాను. మా అమ్మ సంగతి నాకు తెలుసు. తన కడుపులోనే తయారైందంటే, అప్పుడు తనేం తిందో, ఏ బరువు ఎత్తిందో, ఎవరి చావుకి వెళ్లిందో అన్నీ తవ్వుకుంటూ కూర్చుంటుంది. పాత నేరం తీసేద్దామని కూర్చోబెట్టి కొత్తది చేతికిచ్చాను.

"నువ్వు నా కడుపులో ఉన్నప్పుడా?" అంది.

"ఊఁ."

"ఇప్పుడు పోయిన బిడ్డది, ఆ గుడ్డు, అప్పుడే ఉందా?"

"ఉందమ్మా. అలాగని నువ్వు తిన్నదానికీ, సేసినదానికీ..."

ఆగమన్నట్టు చెయ్యెత్తింది. ఆ చెయ్యి తర్వాత మెల్లగా దిగి, చీర కుచ్చిళ్ల మీద, తన పొట్ట మీద ఆగింది. ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది.

"అయితే దాన్ని నాను కూడా మోసినాను," అంది.

ఇన్నేళ్లుగా ఇన్ని బ్యాచ్‌లకి చెప్పాను కానీ ఈ మాట ఎవరూ అనలేదు. నాకూ తట్టలేదు.

"మోసినావమ్మా," అన్నాను.

అప్పుడు ఏడ్చింది. మామూలుగా ఏడ్చే ఏడుపు కాదది, తమ్ముడి పేరు లేదు, తన రాత లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నీలాగుండేదో, మా తమ్ముడిలాగుండేదో," అని మాత్రం అంది. జ్యూస్ కొట్టతను ముఖం తిప్పుకుని గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

తప్పెవరిదని వెతుక్కోవడంతోనే మా రెండిళ్లకీ అన్ని నెలలు సరిపోయాయి. ఆ బిడ్డ కోసం ఏడ్చిన మొదటి మనిషి మా అమ్మ. రెండో మనిషిని నేను. పైన బ్యాచ్ కూర్చుని ఉందని తెలుసు, ఫోన్ మోగుతూనే ఉంది. తీయలేదు.

కాసేపటికి అమ్మ ముక్కు చీది, ముఖం తుడుచుకుని లేచింది.

"పద, మీ ఇంటికి పోదాం," అంది.