కువైట్ నుంచి లండన్‌కి దారంతో కొలిచిన టీచర్ గారు

మొన్న మంగళవారం గుడివాడ నుంచి ఫోను వచ్చింది. "అక్కయ్య తెల్లవారుజామున నిద్రలోనే వెళ్ళిపోయిందండీ" అన్నారు మా టీచర్ గారి చెల్లెలు. బందరులో మా ఆఫీసు మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను.

నాగాయలంక హైస్కూల్లో ఆవిడ మాకు లెక్కలు చెప్పేవారు. మా పక్క వాటాలోనే అద్దెకుండేవారు. బోర్డు కొంగుతో తుడిచేసేవారు కాబట్టి సాయంత్రానికి చీరంతా సుద్దపొడే. లెక్క తప్పితే కోప్పడేవారు కాదు. "ఎక్కడ దారి తప్పావో చూసుకుని అక్కణ్ణుంచి మళ్ళీ బయల్దేరు" అనేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ కువైట్‌లో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనిలో ఉండేది. ఇక్కడ నేనూ అమ్మమ్మా. వేసవిలో ఆ ఇంటివాళ్ళు లండన్ వెళ్తూ అమ్మనీ తీసుకెళ్ళారు. "మన టైము పదకొండింటికి విమానం. దిగాక చేస్తా" అని ఫోన్లో చెప్పింది. ఏమైనా అయితే ఎవరిని అడగాలో కూడా మాకు తెలీదు. ఆ పూట అమ్మమ్మ పొయ్యి వెలిగించలేదు.

సెలవుల్లో బడి గ్లోబు టీచర్ గారింట్లో ఉండేది. దాన్ని తెచ్చి మా అరుగు మీద పెట్టి, అమ్మమ్మని దారం అడిగారు. కువైట్ దగ్గర ఒక కొస నేను పట్టుకున్నాను. లండన్ దగ్గర రెండో కొస ఆవిడ బిగించి పట్టుకున్నారు. ఆ ముక్కని భూమధ్యరేఖ పక్కన పెట్టి కొలిచాం. రేఖ చుట్టూ నలభై వేల కిలోమీటర్లు. మా దారం నాలుగువేల ఆరువందల పైచిలుకు తేలింది. గంటకి ఎనిమిదొందల యాభై చొప్పున భాగించారు.

"నాలుగున్నరకి దిగుతుందమ్మా మీ అమ్మాయి" అన్నారు అమ్మమ్మతో.

తర్వాత దారం మీద మెల్లగా వేలు జరుపుతూ కూర్చున్నారు. "ఇప్పుడు టర్కీ మీద ఉంటుంది. కింద కొండలు. ఇంకాసేపటికి నల్లసముద్రం." వింటూ వింటూ చాప మీద కునుకు తీశాను. మబ్బుల పైన అమ్మ సీట్లో కాళ్ళు ముడుచుకుని కూర్చుని కనిపించింది.

నాలుగున్నర దాటింది. ఐదున్నరైంది. అమ్మమ్మ ఏడవడం మొదలుపెట్టింది. టీచర్ గారు మొదట్నుంచీ లెక్క మళ్ళీ చేశారు. మళ్ళీ నాలుగున్నరే వచ్చింది. ఆరూ ముప్పావుకి ఫోను మోగింది.

"ఇంతసేపూ పాస్‌పోర్టులు చూసే లైన్లో నిలబెట్టారే. కాళ్ళు పీకేస్తున్నాయి" అంది అమ్మ.

టీచర్ గారు అమ్మమ్మ చెయ్యి పట్టుకున్నారు. "విమానం దిగేదాకే లెక్కేశానమ్మా. మనిషి బయటికి రావడానికి ఎంత పడుతుందో వెయ్యలేదు. తప్పు నాదే."

పిల్లల ముందు తమ తప్పు ఒప్పుకున్న పెద్దవాళ్ళని అంతకుముందు నేను చూడలేదు. ఇవాళ్టికీ ఎవరికైనా ఫలానా రోజుకి పనైపోతుందని చెప్పబోయి ఒక్క క్షణం ఆగుతాను.

గతేడాది గుండె పరీక్షకి ఆవిడని నేనే చెన్నై తీసుకెళ్ళాను. గన్నవరంలో విమానం ఎక్కాం. ఆవిడకి అదే మొదటిసారి. కిటికీ సీటు ఇచ్చాను. "చెన్నై ఎంత దూరముంటుందండీ?" అని అడిగాను, లెక్క చెప్తారని. ఆవిడ చెయ్యి అద్దానికి ఆనించి కిందకి చూస్తున్నారు. హంసలదీవి వైపు కృష్ణ పాయలు పాయలుగా సముద్రంలోకి విచ్చుకుంటోంది. మట్టిరంగు నీళ్ళు నీలంలోకి చాలా దూరం వెళ్ళి, ఎక్కడ కలిసిపోయాయో తెలియడం లేదు. ఆవిడ ఊపిరికి అద్దం మీద చిన్న మసక పడుతోంది, చెరుగుతోంది, మళ్ళీ పడుతోంది.