హాలెండు క్యాసెట్లూ, నా లాగ్ షీటూ

1984 జూన్‌లో నన్ను కరీంనగర్ జిల్లాలో గోదావరి వైపున్న ఒక సర్కిల్ ఆఫీసుకు కమ్యూనికేషన్స్ ఎస్సైగా వేశారు. ఎస్సై అనగానే జనానికి లాఠీ గుర్తొస్తుంది గానీ మా పని వేరు. వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుని, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, వచ్చే మోర్స్ శబ్దాలను అక్షరాలుగా లాగ్ షీట్ మీద పెట్టడం. చిన్న శబ్దం చుక్క, పొడుగు శబ్దం గీత. మూడు చుక్కలైతే ఎస్, నాలుగైతే హెచ్, ఇలా. రహస్య సందేశమైతే అక్షరాలు ఐదేసి చొప్పున గుంపులుగా వస్తాయి. వాటి అర్థం ఆపరేటర్‌కు తెలియదు, తెలియనక్కరలేదు కూడా. శిక్షణలో మాకు నేర్పిన మొదటి పాఠం అదే: చెవి విన్నది చేయి రాయాలి, మధ్యలో బుర్రను దూర్చకూడదు. పదిహేనేళ్లు అలా రాసి రాసి నా చేయి ఆగడమన్నదే మర్చిపోయింది.

ఆగస్టులో ఒక పొద్దున సీఐ గారు పిలిపించారు. బల్ల మీద పదకొండు క్యాసెట్లు, ఒక టేప్ రికార్డరు. ఎదురుగా బెంచీ మీద ముప్పై ఏళ్ల మనిషి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని కూర్చున్నాడు. పేరు ప్రభాకర్, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, మిషన్ చర్చికి చెందిన కుటుంబం. పదేళ్ల కింద వాళ్ల ఊళ్లో బోర్లు వేయించడానికి హాలెండు నుంచి ఒక ఇంజనీరు వచ్చి రెండేళ్లు ఉన్నాడట. అప్పుడు చదువుకుంటున్న ప్రభాకర్ ఆయనకు దుబాసీ. ఆయన తన దేశం వెళ్లాక కూడా స్నేహం మరవక, అక్కడి రాక్ సంగీతం క్యాసెట్లకెక్కించి పోస్టులో పంపుతున్నాడు.

"పాటలంటడు. అన్నిట్ల కలిపి నాలుగు మాటలు లేవు. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు గుయ్యిగుయ్యిమంటది," అన్నారు సీఐ. "గండ్ల అడివిలున్నోళ్లకు ఏమన్న సంకేతం పోతున్నదేమో, నువ్వు ఇని రాసియ్యి రాజిరెడ్డీ. ఐదింటికి జిల్లా నుంచి జీపొస్తది. గప్పటిదాంక టైమున్నది."

అడవిలోని నక్సలైట్ల గురించి రోజూ ఏదో ఒక వార్త వస్తున్న రోజులవి. అరెస్టు రాయకుండా, 'మాట్లాడి పంపుతాం' అని తెచ్చినవాళ్లందరూ ఇళ్లకు చేరలేదు. ప్రభాకర్‌కు కూడా అరెస్టు రాయలేదు. ఆ జీపు ఎక్కితే ఏమవుతుందో నేను అడగలేదు, సీఐ గారు చెప్పలేదు.

తొమ్మిదింటికి అతని భార్య సుజాత, బడిపంతులమ్మ, అతను రాసుకున్న పాటల నోట్‌బుక్కు పట్టుకుని ఉరుకుతూ వచ్చింది. భర్తను కాపాడుతుందనుకుని తెచ్చిన ఆ నోట్‌బుక్కే కొంప ముంచింది. అందులో హాలెండు బ్యాండ్ల పేర్లు రెండు వరుసలుగా ఉన్నాయి. ఎడమ వైపు 'నాకు ఇష్టమైనవి', కుడి వైపు 'ఎవరూ పట్టించుకోనివి'. ప్రతి పేరు పక్కన నక్షత్రాలు, నిమిషాల లెక్క.

"ఎవ్వరు పట్టించుకోనోళ్లంటే గుట్టుగ తిరిగెటోళ్లనే గదా?" అన్నారు సీఐ.

అంత భయంలోనూ ప్రభాకర్‌కు మాట పొంగుకొచ్చింది. "కాదు సార్! ఆ దేశంల ఒకట్రెండు బ్యాండ్ల పేర్లే లోకానికి తెలుసు. గిటారే లేకుంట ఒక్క ఆర్గన్ మీద నడిపిచ్చినోళ్లున్నరు. పిల్లనగ్రోవి తోని రాక్ వాయించినోళ్లున్నరు. రెండు రికార్డులు తీసి ఆగమైపోయిన్రు పాపం. జర ఒక్కసారి ఇనుండ్రి సార్, మస్తుంటది." ఓరి పిచ్చోడా, నోరు మూసుకోవయ్యా అనుకున్నాను లోపల. సుజాత పైట కొంగు నోటికడ్డం పెట్టుకుని వరండాలో కూలబడింది.

టేప్ రికార్డరు మోసుకుని నా గదికి వెళ్లాను. మొదటి రెండు క్యాసెట్లలో ఏమీ లేదు. చర్చి ఆర్గన్ లాంటి శబ్దం, దాని మీద పిల్లనగ్రోవి, ఉన్నట్టుండి డ్రమ్ములు. 'ఏమీ లేదు' అని రాశాను. నిజం చెప్పొద్దూ, రెండోది బాగుందనిపించింది కూడా. మూడోది 'ఎవరూ పట్టించుకోని' వరుసలోది. మొదట్లోనే ఆర్గన్ మీద ఒకే స్వరం టకటకా నాలుగేసి సార్లు మోగింది. ఆ తర్వాత చిన్నవీ పొడుగువీ కలిసి, ఆగి, మళ్లీ. నేను కళ్లు మూసుకుని వింటున్నాను. కళ్లు తెరిచేసరికి షీట్ మీద ఆరు వరుసల అక్షరాలున్నాయి, ఐదేసి చొప్పున, నా చేతిరాతలో, పక్కన టైముతో సహా.

కొట్టేద్దామని పెన్ను ఎత్తేలోపు నా భుజం మీది నుంచి ఒక చేయి వచ్చి ఆ షీట్‌ను లాక్కుంది. సీఐ గారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో నాకు తెలియదు.

"శబాష్! నేను చెప్పలే?"

"సార్, అది... అలవాటు మీద రాసిన. సంగీతమే సార్."

"సంగీతమైతే నువ్వెందుకు రాస్తవయ్యా? పదిహేనేండ్ల సర్వీసు నీది." షీట్ మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

వరండాలోంచి సుజాత కిటికీ దగ్గరికొచ్చి, "ఏమన్న దొరికిందా సార్? ఏం లేదని చెప్పిన్రు గదా?" అంది. ఆమె ముఖం చూడలేకపోయాను. ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది సీఐ కాదు, నోట్‌బుక్కు కాదు, నా చేయి. నా ఉద్యోగం పోతుందన్న భయం కూడా అప్పుడే మొదలైంది. ఏ భయం పెద్దదో ఇప్పటికీ చెప్పలేను. నోరు మూసుకుంటే నాకేమీ కాదన్న ఆలోచన వచ్చిన మాట నిజం.

మూడింటికి ధైర్యం చేసి సీఐ గదిలోకి వెళ్లాను. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. సందేశం మీద అనుమానం వస్తే ఇంకో ఆపరేటర్‌తో విడిగా రాయించి రెండు షీట్లూ పక్కపక్కన పెడతారు. నిజమైన సంకేతమైతే ఎవరు రాసినా అవే గుంపులు వస్తాయి. ఊహించి రాసిందైతే ఎవరి ఊహ వాళ్లది. పక్క గదిలోని ఆపరేటర్ యాదగిరికి ఆ క్యాసెట్ ఇవ్వమన్నాను. నేను వాడితో మాట్లాడను, మీరే దగ్గరుండి రాయించండి అన్నాను. సీఐ గారు "కలిస్తె ఏం జేస్తవ్?" అన్నారు. నేను క్యాసెట్ తీసి ఆయన ముందు పెట్టాను.

యాదగిరి కొత్తవాడు, మెప్పు కోసం తహతహలాడేవాడు. ఇరవై నిమిషాల్లో షీట్ నింపి తెచ్చాడు. సీఐ గారు రెండింటినీ బల్ల మీద పరిచారు. మొదటి గుంపు నాది ఐదు హెచ్‌లు. వాడిదీ ఐదు హెచ్‌లే. రెండో గుంపు కలిసింది. మూడో గుంపు కలిసింది. ఐపోయింది, ప్రభాకర్‌ను చంపేశాను అనుకున్నాను. చెవుల్లో ఆ ఆర్గన్ మోతే వినబడుతోంది. సీఐ గారి వేలు రెండో వరుస మీదికి జరిగింది. అక్కడ ఒక్క అక్షరం కలవలేదు. మూడో వరుసలోనూ కలవలేదు. ఆరు వరుసలు చూశారు, చివరికి నా షీట్‌ను పక్కకు తోశారు.

మొదటి వరుస ఎందుకు కలిసిందో అప్పుడు చెప్పగలిగాను. ఆ వరుసంతా హెచ్‌లే. ఒకే స్వరాన్ని నాలుగేసి సార్లు కొడితే ఏ మోర్స్ ఆపరేటరైనా హెచ్ అనే రాస్తాడు, వానచుక్కలు రేకు మీద పడ్డా రాస్తాడు.

"రాసియ్యి. తప్పు నీదేనని సంతకం పెట్టు," అన్నారు. పెట్టాను. ఐదింటికి జీపు వచ్చింది, చాయ్ తాగి ఖాళీగా వెళ్లింది. ప్రభాకర్‌ను, క్యాసెట్లను ఇంటికి పంపారు. నిర్లక్ష్యం కింద నాకు మెమో వచ్చింది. నెల తిరక్కుండా మారుమూల అడవి ఊరు ఉట్నూరుకు బదిలీ.

మూడేళ్ల తర్వాత కరీంనగర్ బస్టాండులో ప్రభాకర్ కనబడ్డాడు. జుట్టు సగం తెల్లబడింది. కోపగించుకోలేదు, చాయ్ కూడా తాగించాడు. కొత్త సీఐ వచ్చినప్పుడల్లా పాత ఫైలు తీస్తారట. లాగ్ షీట్‌ను చించకూడదన్నది మా నిబంధన, కాబట్టి నేను రాసిన ఆరు వరుసలు అందులో అలాగే ఉన్నాయి. నా ఒప్పుకోలు ఎక్కడో వెనక పేజీల్లో ఉంది, అంతదాకా ఎవరూ తిప్పరు. అప్పటికి అతణ్ణి మూడుసార్లు పిలిపించారు. మూడోసారి రెండు రోజులు ఉంచారు. క్యాసెట్లన్నీ ధర్మపురి దగ్గర గోదావరిలో పడేశాడు, హాలెండు ఆయనకు ఉత్తరాలు రాయడం మానేశాడు.

"మీరు మంచే చేసిన్రు సార్," అన్నాడు. "కని గా కాయితం ఇంక ఉన్నది. ఎవలన్న తలుపు కొడితె మా సుజాత ఇప్పటికి తియ్యది."

రిటైరయ్యేముందు ఆరేళ్లు నేను శిక్షణ కేంద్రంలో కొత్త ఆపరేటర్లకు పాఠాలు చెప్పాను. నాకు నేర్పిన మొదటి పాఠం వాళ్లకు నేర్పలేదు. అనుమానం ఉన్న చోట ఖాళీ వదలమన్నాను. ఖాళీ వదిలినందుకు పైవాళ్లు తిడతారు, ఆ తిట్లు మీరు పడండి అన్నాను. రాసిన తప్పును మీరు సంతకం పెట్టి ఒప్పుకున్నా, దాన్ని మోసేది ఇంకొకరు.