సాంద్రత 2.70

మా జిల్లాలో ఒక హైస్కూల్లో పదకొండేళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పాను. కెనడాలోని హామిల్టన్ వచ్చాక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకి అప్లై చేయబోతే, ఇక్కడి హైస్కూల్ కెమిస్ట్రీ ముందు పాసవ్వాలన్నారు. అలా నలభై ఒకటో ఏట మళ్లీ బెంచీ మీద కూర్చున్నాను. గ్రాములు, మిల్లీలీటర్లు, సార్థక అంకెలు. నేను చెప్పిన పాఠమే నాకు చెబుతున్నారని లోలోపల చిన్నతనంగా ఉండేది.

ల్యాబ్‌లో నాకు జతగా వచ్చినది భీమవరం అమ్మాయి. పాతికేళ్లు ఉంటాయేమో. వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తూ, నర్సింగ్ సీటు కోసం ఈ క్లాసుకి వచ్చేది. నేను టీచర్‌నని తెలిసిన రోజు నుంచి నన్ను ‘మేడమ్’ అనే పిలిచేది. వద్దని నేనూ అనలేదు. క్లాసంతటిలో ఆ ఒక్క పిలుపే నాకు పాత హోదాను గుర్తుచేసేది.

మూడో వారం ఒక లోహపు కడ్డీ ఇచ్చి సాంద్రత కనుక్కోమన్నారు. చూడగానే అల్యూమినియం అని తెలిసిపోయింది. పుస్తకంలో దాని సాంద్రత 2.70. త్రాసు మీద కడ్డీ 54.0 గ్రాములు తూగింది. కొలజాడీలో 30.0 దగ్గర ఉన్న నీళ్లలోకి ఆ అమ్మాయి దాన్ని దారంతో నెమ్మదిగా దించి, వంగి, కళ్లు నీటిమట్టానికి తెచ్చి చూసింది.

“52.5 మేడమ్.”

నేను మనసులోనే లెక్క కట్టాను. 2.40 వస్తోంది. “సరిగ్గా చూడు. 50 ఉండాలి” అన్నాను.

మళ్లీ వంగి చూసింది. “లేదు మేడమ్, 52.5 ఏ. మీరొకసారి చూడండి.”

నేను చూడలేదు. అదే ఇప్పటికీ నన్ను తినేసే విషయం. అడుగు దూరంలో ఉన్న జాడీ వైపు వంగకుండానే అన్నాను: “జాడీలో ఏదో తేడా ఉండుంటుంది. 50 వేసెయ్. 2.70 వస్తుంది. మా స్కూల్లో ప్రాక్టికల్స్ అన్నీ ఇలాగే చేయించేదాన్ని. ఎక్స్‌టర్నల్‌గా వచ్చినవాళ్లు కూడా ఆన్సరే చూస్తారు.”

ఆమె పెన్ను తీసింది కానీ రాయలేదు. “హోమ్‌లో మేము పేషెంట్ల యూరిన్ కొలిచి చార్ట్‌లో రాస్తాం మేడమ్. ఎంతుంటే అంతే రాయాలి. డాక్టర్ దాన్ని చూసే మందు మారుస్తారు.”

“ఇది పేషెంటు కాదమ్మా, ఇనపముక్క” అని నవ్వాను. అల్యూమినియాన్ని ఇనపముక్క అన్నానని కూడా గమనించుకోలేదు. ఆమె 50.0 అని రాసింది.

గురువారం మా టీచర్ రిపోర్టులు తిరిగి ఇచ్చింది. సున్నా మార్కు వేసిన మా రిపోర్టు మాత్రం చేతిలోనే ఉంచుకుని, అలాంటి కడ్డీనే ఒకదాన్ని అడ్డంగా కోసి చూపించింది. లోపల బోలు. పుస్తకంలోని అంకె ఎవరికీ రాకూడదనే అలా చేయించిందట. తర్వాత మా బల్ల దగ్గరికి వచ్చి, ఈ రీడింగ్ ఎవరు తీశారని మెల్లగా అడిగింది. కాగితం మీద ఉన్నది ఆ అమ్మాయి చేతిరాత.

“నేనే. తప్పుగా చూశాను” అంది ఆ అమ్మాయి.

క్లాసంతా చూస్తోంది, వాళ్లలో చాలామంది నా దగ్గర చదివిన పిల్లల వయసువాళ్లు. ‘నేను చెప్పాను’ అని రెండు మాటలు అంటే సరిపోయేది. తల వంచుకుని నోట్సు పేజీలు తిప్పాను. ఈ మార్కు ఆమె నర్సింగ్ అడ్మిషన్‌కి వెళ్తుందని నాకు తెలుసు. తెలిసే తిప్పాను.

క్లాసయ్యాక బస్ స్టాప్‌లో ఆమె పక్కన నిలబడి, “ఎందుకలా చెప్పావు?” అని అడిగాను.

“మీ పేరు చెప్తే బాగోదు కదా మేడమ్.” తర్వాత, “మీరు టీచర్ కదా, మీకు తెలిసే ఉంటుంది అనుకున్నా” అంది. అందులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

ఇంటికి వెళ్లాక, పదకొండేళ్లలో నా దగ్గర రికార్డులు దిద్దించుకున్న పిల్లలందరూ గుర్తొచ్చారు. ఎంతమందికి ఆన్సర్ నుంచి వెనక్కి లెక్క కట్టడం నేర్పానో! వాళ్లలో ఎవరో ఒకరు ఈపాటికి ఏ ఆసుపత్రి ల్యాబ్‌లోనో రక్తం పరీక్షలు చేస్తూ ఉంటారు.

సోమవారం అరగంట ముందే వెళ్లి టీచర్‌కి జరిగింది చెప్పాను. ఇంగ్లిష్‌లో తడబడ్డాను. భాష వల్ల మాత్రమే కాదు. ఆమె అంతా విని, ఇద్దరూ విడివిడిగా మళ్లీ చేయండి, నీ మార్కు మాత్రం సున్నాగానే ఉంటుంది అంది. సరేనన్నాను.

ఆ అమ్మాయికి చెబితే “అయ్యో, ఎందుకు మేడమ్” అని నొచ్చుకుంది. కానీ తర్వాతి ల్యాబ్‌కి ముందు వరుసలో ఇంకొకరి పక్కన కూర్చుంది. ఎదురైతే ఎప్పటిలాగే నవ్వేది. తన రీడింగులు మాత్రం మళ్లీ నాకు చూపించలేదు. నేనూ అడగలేదు. ఆ టర్మ్ అయ్యేదాకా వెనక బల్ల దగ్గర ఒక్కదాన్నే ప్రయోగాలు చేసుకున్నాను.