సంగారెడ్డి నుంచి బొల్లారానికి, నాలుగు డచ్చి మాటలతో

ఉదయం ఐదూ నలభైకి సంగారెడ్డి బస్టాండులో పటాన్‌చెరు బస్సెక్కాను. జేబులో తెలుగు అక్షరాల్లో రాసిన నాలుగు డచ్చి మాటలు. ముందురోజు మా మందుల ఫ్యాక్టరీ మేనేజరు ఇచ్చిన చీటీ అది. "హాలండ్ నుంచి మన మాల్ కొనేటాయన వస్తుండు నర్సింలూ. ఆయన భాషల పలకరించు. మెచ్చుకున్నడంటె పర్మనెంట్ చేస్త" అన్నాడు. మూడేళ్ళుగా కాంట్రాక్టు మీద డ్రమ్ములు నింపుతున్నవాణ్ణి. నిద్ర పడితే ఒట్టు.

రుద్రారంలో మా క్యాంటీన్ యాదమ్మ, గేటు వాచ్‌మన్ మల్లేశన్న ఎక్కారు.

"ఏం సదువుతున్నవ్‌రా ఒక్కనివే? మాగ్గూడ నేర్పు" అంది యాదమ్మ.

గొణుక్కోవడం కంటే నయమే కదా అని మొదలుపెట్టాను. 'ఖుదె మోర్ఖెన్' అంటే శుభోదయం. 'ఇక్ హేత్ నర్సింలు' అంటే నా పేరు నర్సింలు. 'హూ ఖాత్ హెత్' అంటే బాగున్నారా. 'ఆంఖెనామ్' అంటే మిమ్మల్ని కలవడం సంతోషం. ఆ 'ఖ' గొంతు గీరుకుంటూ రావాలి. మల్లేశన్నకు బీడీ దగ్గుంది కాబట్టి మొదటిసారికే వచ్చేసింది. ఇస్నాపూర్ దాటేసరికి ఇద్దరూ ఎక్కాల్లా అప్పజెప్పారు. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "పొద్దుగాల్నే ఏం మంత్రమయ్యా?" అన్నాడు.

ఆరున్నరకు పటాన్‌చెరులో చాయ్ తాగి, షేర్ ఆటోలో ఒకరి మీద ఒకరం కూర్చుని బొల్లారం చేరాం.

పదింటికి వచ్చిన హాలండ్ దొర, అంతా తిరిగి పన్నెండుకు నా షెడ్డులో అడుగుపెట్టాడు. నేను నోరు తెరవకముందే చెయ్యి చాచి, నవ్వాపుకోలేక, "ఇక్ హేత్ నర్సింలు!" అన్నాడు.

నాలుగు మాటలూ ఎగిరిపోయాయి. నోటికొచ్చింది ఒక్కటే: "మీది ఏ ఊరు సార్?"

మేనేజరు నా చెవిలో, "గేటు కాడ ఒక నర్సింలు, క్యాంటీన్ల చీర కట్టుకున్న నర్సింలు! ఎంతమందిని తయారు చేసినవ్‌ర?" అని పళ్ళు నూరాడు. పాఠంతోపాటు నా పేరు కూడా బట్టీ పట్టారన్నమాట!

రెండింటికి షిఫ్టు దిగాక మేనేజరు మా ముగ్గుర్నీ పిలిచాడు. "ఎవల మాట నచ్చిందని దొరనడిగిన. చాయ్ ఇచ్చిన నర్సింలుదట. యాదమ్మా, నిన్ను పర్మనెంట్ చేస్తున్న."

నాకు కడుపు మండింది, అబద్ధమెందుకు. కానీ నాకంటే ఆరేళ్ళ ముందు నుంచీ ఆమె కూడా కాంట్రాక్టు మీదే ఆ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే నా మంట అక్కడికక్కడే సగం చల్లారింది.

మూడింటికి పటాన్‌చెరులో తిరుగు బస్సెక్కాం. ఈ దారిన వెళ్ళేవారికి నా సలహా ఒక్కటే: పరాయి భాష ఎవరికైనా నేర్పండి, మీ పేరు మాత్రం దాచుకోండి.

కండక్టరు రాగానే, టికెట్ డబ్బులిస్తున్న నా చెయ్యి యాదమ్మ పక్కకు నెట్టింది.

"ఉండు తమ్మీ. పేరు నీది, నౌకరి నాది. గీ టికెట్ గూడ నాదే."