అన్న పేరు మీద వచ్చిన పగార్

మా బాపుకు తనది కాని పైసా చేతిలో ఉంటే నిద్ర పట్టేది కాదు. ఒకసారి ముస్తాబాద్ నుంచి వస్తుంటే కండక్టర్ చిల్లర ఎక్కువిచ్చాడని, మర్నాడు బస్టాండులో కూర్చుని, వచ్చిన ప్రతి బస్సూ ఎక్కి దిగి, చివరికి ఆ మనిషిని పట్టుకుని ఇచ్చి వచ్చాడు. కండక్టర్ దండం పెట్టాడట. "పొద్దంత కండెలు చుట్టకపోతివి. గా దండాన్ని కూరొండుకుందామా?" అని అవ్వ దెప్పింది. బాపు నవ్వాడు. అప్పట్లో నాకు బాపంటే గర్వంగా ఉండేది. ఇప్పటికీ గర్వమే, కాకపోతే దాని పక్కనే కోపం కూడా వచ్చి కూర్చుంటుంది.

మాది సిరిసిల్ల. బాపు చేతిమగ్గం నేసి నేసి చూపు తగ్గాక ఇంట్లోనే మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాడు. అవ్వా నేనూ బీడీలు చేసేవాళ్లం. ఇల్లు గడిచేది మాత్రం అన్న పగారుతోనే. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. అన్న పనిచేసే కార్ఖానాలో ఎనిమిది సాంచాలుండేవి. పగటిపూట నాలుగు అన్న నడిపేవాడు, మిగతా నాలుగు మేం కాక అని పిలిచే మా వాడకట్టు ఆయన. ఏ సాంచా మీద ఎంత బట్ట దిగితే అంతకు లెక్కకట్టి, శనివారం పగార్ ఇచ్చేవారు.

ఆ ఏడు వానాకాలంలో, కోరుట్లలో దోస్తు పెళ్లి ఉందని అన్న బయల్దేరాడు. పాత అంగీ తొడుక్కున్నాడు. పెళ్లికి పాత అంగీతో పోయే మనిషేనా మా అన్న! అవ్వ చూసింది, నేనూ చూశాను, ఎవరమూ అడగలేదు. అంతకు కొన్ని నెలల ముందు నుంచే అన్న మీటింగులకు పోతున్నాడు. పోయినవాడు తిరిగి రాలేదు. ఆ రోజుల్లో ఇంట్లో వయసు పిల్లవాడు కనబడకపోతే అడవికి పోయి దళంలో కలిశాడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలిసినా, బతుకుదెరువుకు భీవండి పోయాడనో దుబాయి పోయాడనో అందరూ చెప్పుకునేవారు. ఎందుకంటే పిల్లవాడు లేడన్న మాట పోలీస్ స్టేషన్ దాకా పోయిందంటే, రేపు మనసు మారి వాడు వద్దామన్నా ఇంటిదారి మూసుకుపోయినట్టే.

శనివారం కాక వచ్చి అన్న పగార్ అవ్వ చేతిలో పెట్టాడు. "మీవోనిది" అన్నాడు. ఎప్పుడూ అరుగు మీద కూర్చుని చాయ్ తాగి, నన్ను ఏదో ఒకటి అని ఉడికించి పోయే మనిషి, ఆ రోజు ఆగకుండా వెళ్లిపోయాడు. చూస్తే నిండు వారం పగార్. ఆ మీది శనివారం కూడా అంతే.

"ఒక్క పూట పనికి పోనోనికి నిండు పగార్ ఎట్లొస్తది? గుమాస్తా తప్పు కట్టిండు" అన్నాడు బాపు.

"తప్పో ఒప్పో, ఊకో" అంది అవ్వ. "పైసల మీద ఆశతోని అంటలేను. వాపసిచ్చినవంటే పోరడు లేడని డప్పు కొట్టినట్టే గద!"

"భీవండి పోయిండని చెప్త."

"అబద్ధం చెప్పుడు నీకెప్పుడన్న అచ్చిందా?"

బాపు చేతిలోని కండె పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "పరుల సొమ్ము తినుకుంట, నా కొడుకును ఇంటికి తోలుమని రాజన్న దేవునికి ఏ మొఖంతోని మొక్కాలె?" అప్పుడు నాకు తెలిసింది, ఇది ఎక్కువొచ్చిన చిల్లర సంగతి కాదని. బాపు ఆ పైసలను మనసులోనే ముడుపు కట్టాడు. వాటిని తిరిగి ఇచ్చేస్తే దేవుడు కొడుకును తిరిగి ఇస్తాడు, అంతే ఆయన లెక్క.

అవ్వ ఏడ్చింది. "జర కాకనన్న అడుగు ముందుగాల" అంది చివరికి.

"గాయనకేమెరుక? ఇచ్చింది తెచ్చిండు. పైసల ముచ్చట కార్ఖానా సేటుతోనే మాట్లాడాలె."

మసక చూపుతో ఒక్కడే పోలేక నన్ను తోడు తీసుకుపోయాడు. సేటు ఇంటి ముందు లారీలో బట్ట ఎక్కిస్తున్నారు. చుట్టూ మనుషులు. బాపు రుమాలు విప్పి పైసలు గద్దె మీద పెట్టి, "మావోడు భీవండి పోయిండు సేటు. రెండు వారాలాయె పనికి రాక. గీ పగార్ తప్పొచ్చింది, తీసుకోండ్రి" అన్నాడు.

సేటు ముచ్చటపడ్డాడు. "సూడుండ్రి, మనిషంటే గిట్లుండాలె" అని లారీ దగ్గరి వాళ్లకు వినిపించేట్టు అన్నాడు. బాపు కొంచెం నిటారుగా నిలబడ్డాడు.

గుమాస్తా మాత్రం నొచ్చుకున్నాడు. "నా లెక్క తప్పదు సేటు. నాలుగు సాంచాల మీద ఎంత బట్ట దిగిందో గంతకే కట్టిన. బట్ట గోదాముల ఉన్నది, కొలుసుకోండ్రి" అన్నాడు.

సేటు బాపు వైపు తిరిగాడు. "నీ కొడుకు లేకపోతే మరి గా బట్ట ఎవలు నేసిన్రు?"

బాపు చెయ్యి నా భుజం మీద ఉంది. అది బిగుసుకోవడం నాకు తెలిసింది. ఆ కార్ఖానాలో పగటిపూట ఉండేది ఇద్దరే. కాక ఎనిమిది సాంచాల మధ్య ఒక్కడే ఉరికి ఉరికి, తన చెమటతో దిగిన బట్టను అన్న పేరు మీద రాయించాడు. అన్న ఇంకా ఇక్కడే ఉన్నాడని లోకం అనుకోవడానికి. మాకు చెబితే అవ్వ ఏడుపు వాడకట్టంతా వింటుందని మాకూ చెప్పలేదు.

"లేదు సేటు, నాకే యాది తప్పింది. వోడు అచ్చిండు. దినాం అచ్చిండు" అన్నాడు బాపు. మళ్లీ మళ్లీ అన్నాడు. అలవాటు లేని అబద్ధం, ఎవరు నమ్ముతారు? లారీ ఎక్కిస్తున్న వాళ్లు పని ఆపి చూశారు. బాపు పైసలు గద్దె మీదే వదిలేసి బయటికి వచ్చాడు.

ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. సేటును అనలేను, ఆయన భయం ఆయనది. ఆ వారంలోనే పోలీసులు వచ్చి కాకను సాంచాల దగ్గరి నుంచే తీసుకుపోయారు. మా ఇల్లు కూడా తిరగేశారు. కాక కొన్నాళ్లకు తిరిగి వచ్చాడు కానీ కుడిచేతి వేళ్లు మళ్లీ చక్కగా రాలేదు. తెగిన పోగును ముడి వేయలేనివాడు సాంచాలు ఎట్లా నడుపుతాడు? రైసు మిల్లుకు కాపలా పోయేవాడు. వాళ్లింట్లో కాక భార్య చేసే బీడీలే కూడు పెట్టాయి.

బాపు వాళ్లింటికి పోయి గడప బయటే నిలబడ్డాడు. కాకే అన్నాడు, "నీకేమెరుకనే అన్నా. నీకు చెప్పకపోతి, తప్పు నాది." అది విన్నాక బాపు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఆయనకు ఎవరైనా చిల్లర ఎక్కువిస్తే లెక్క చూడకుండానే జేబులో వేసుకునేవాడు. నాకు అది చూడటం మరీ కష్టంగా ఉండేది.

ఎదురుకాల్పులన్నారు. అన్నను జగిత్యాల పెద్దాసుపత్రి శవాల గది నుంచి తెచ్చుకున్నాం. అది ఇంకో వానాకాలం. దాని గురించి రాయలేను. అవ్వ కొత్త అంగీ తొడగమని అడిగిందని మాత్రం రాస్తాను.

చాలా ఏళ్లకు బాపు పోయాడు. పదకొండో రోజు భోజనాలయ్యాక కాక నన్ను దొడ్లోకి పిలిచాడు. ముసలివాడైపోయాడు. వంకర వేళ్ల మధ్య బీడీ పట్టుకుని, వెలిగించకుండానే మాట్లాడాడు.

"ఇన్నొద్దులు మీ బాపున్నడని చెప్పలె బిడ్డా. పోయేటప్పుడు మీ అన్న నన్నేమడిగిండో ఎరుకేనా? ఒక్క నెల నా సాంచాలు సూడు కాకా, మనసొప్పకపోతే తిరిగొస్త, నా జాగ నాకుండాలె అన్నడు."

కాక బీడీని చెవి సందులో పెట్టుకున్నాడు.

"అచ్చిండు బిడ్డా. నేను చెయ్యికి కట్టు కట్టుకోని పండుకున్న. తెల్లారుగట్ల మా ఇంటికచ్చిండు. ఇగ పోను కాకా, నా తోని కాదు అన్నడు. నా చెయ్యి సూసిండు. మీ ఇంటి మీద పోలీసోళ్ల కన్నున్నదని చెప్పిన. ఒక్కసారి అవ్వను సూసొస్త అన్నడు. నేనే వద్దన్న. పిల్లగాడు ఏడ్సుకుంట పోయిండు."

"పోలీసోళ్లకు ఎట్ల తెలిసిందని అడగలేదా?" అన్నాను.

"అడిగిండు. సేటు లెక్కల పట్టిండని చెప్పిన. మీ బాపు పేరు ఎత్తలె."

అన్న ఇంటికే వచ్చాడు. బాపు మొక్కు ఫలించింది, మా గడప దాకా రాకుండా ఫలించింది. బాపుకు ఆ సంగతి తెలియకుండానే పోయిందని ఏడుస్తూనే సంతోషపడ్డాను.

అవ్వ ఇంకా ఉంది. చూపు సన్నగిల్లింది కానీ మనిషి గట్టిదే. "గా దినం కాక దొడ్లకు పిలిచి ఏం చెప్పిండే నీకు?" అని అప్పుడప్పుడు అడుగుతుంది.

"ఏం లేదవ్వా, పాత ముచ్చట్లు" అంటాను.

నేను బాపు బిడ్డను. అబద్ధం చెప్పడం నాకూ రాదు. అవ్వ కాసేపు నా మొఖంలోకి చూసి, సరే అని అటు తిరిగి పడుకుంటుంది.