మామ్మ బోర్లాపడితే బొబ్బట్లు

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని ఎవరైనా అంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. ఆ సామెత పుట్టించినవాడు ఒక్క చెవిటివాణ్ణీ దగ్గరగా చూసి ఉండడు. నేను చూశాను. ఆ రోజుల్లో శంఖం ఊదడమే నా ఉద్యోగం మరి. మంగళగిరిలో మగ్గం ముందు కూర్చుని, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నవాణ్ణి నేను. బడికి వెళ్ళింది తక్కువ, బడి మీద అభిప్రాయాలు ఎక్కువ. అటువంటి నన్ను గుణదల అవతల వినపడని పిల్లల బడిలో నేత నేర్పడానికి వేసుకున్నారు. అక్కడ ఒక్క తెలుగు మాస్టారు తప్ప ఎవరూ నిలవకపోవడంతో కొన్నాళ్ళకే నా చేతికి చిన్న తరగతుల తెలుగు వాచకం కూడా వచ్చింది.

బడిలో పద్ధతి ఒకటే, అరవడం. పిల్లలు చేతులు కదపకూడదు, మా పెదాలు చూసి మాట పట్టుకోవాలి. నేను "పాప" అని అరిస్తే పలకల మీద "మామ" అని రాసేవారు. "మామ" అని అరిస్తే "బాబా" అని రాసేవారు. "వీళ్ళకి బుర్ర లేదండీ" అని తెలుగు మాస్టారి దగ్గర మొరపెట్టుకుంటే, "మీకు గొంతు చాలదండీ" అని ఆయన నాకంటే గట్టిగా అరిచి చూపించేవాడు. పిల్లలు ఒక్కొక్కరే మానేయసాగారు. చల్లపల్లి వైపు పెద్ద రైతు ఒకాయన మా కమిటీ ప్రెసిడెంటు. ఈసారి వచ్చినప్పుడు పిల్లలు జవాబు చెప్పలేకపోతే బడి మూసేస్తానని కబురు పెట్టాడు. మూస్తే వాళ్ళకి దగ్గర్లో మరో బడి లేదు, ఇళ్ళకి పోయి గేదెల వెంట తిరగడమే.

అప్పుడొచ్చారు కొత్త హెడ్మిస్ట్రెస్ గారు. వచ్చిన రోజే మా చెవుల్లో దూది కుక్కించి, ఎదురుగా నిలబడి, గొంతు రానివ్వకుండా పెదాలు మాత్రం కదిపారు.

"ఏమన్నానండీ?"

"పాప" అన్నాను నేను. "బాబా" అన్నాడు తెలుగు మాస్టారు.

"నేనన్నది మామ అండీ. మూడిటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి."

"మీరు సరిగ్గా అనలేదండీ" అన్నాను. ఆవిడ నా చేతికి అద్దం ఇచ్చారు. నా మూతి చూసుకుంటూ పాప అన్నాను, మామ అన్నాను. అద్దం కూడా ఆవిడ పక్షమే.

ఆ వారం నుంచి శనివారం మధ్యాహ్నాలు మేం బెంచీల మీద, పిల్లలు బోర్డు దగ్గర. వాళ్ళ సైగలు వాళ్ళే మాకు నేర్పాలి. వాళ్ళు నాకు పెట్టుకున్న పేరు అప్పుడే తెలిసింది. నోటి ముందు ఐదు వేళ్ళూ గుప్పున విప్పడం, అంటే పెద్దనోరు. (తెలుగు మాస్టారికి రెండు చేతులూ కావాల్సొచ్చాయి.) మేం మాత్రం తక్కువ తిన్నామా, ఆవిడకి దూదమ్మ అని పేరు పెట్టాం.

ప్రెసిడెంటు గారు రానే వచ్చాడు. కారులో తాళంకప్ప తెచ్చాడని వంటావిడ చెప్పింది. (నేను ఇప్పటికీ నమ్ముతాను.) ముందు వరసలో రెండు జడల పిల్లని లేపి, "ఏమ్మా, మీ మామ్మ ఎలా ఉంది?" అన్నాడు. ఆ పిల్ల మొహం వెలిగిపోయి చేతులు చకచకా ఆడించింది. సైగలు వచ్చిన గర్వంతో నేను పైకి చదవడం మొదలుపెట్టాను.

"బాగుందటండీ. ఉయ్యాల్లో ఉందట. పళ్ళు ఇంకా రాలేదట."

"ఇంకా రాకపోవడమేంటయ్యా?"

"మొన్న బోర్లాపడిందటండీ."

"అయ్యో."

"ఇంటిల్లిపాదీ సంతోషించి బొబ్బట్లు చేసుకున్నారట."

ప్రెసిడెంటు గారు లేచి నిలబడ్డాడు. "ముసలావిడ పడిపోతే బొబ్బట్లా? ఇదా మీరు నేర్పుతున్న చదువు?" పిల్ల బిక్కమొహం వేసింది.

దూదమ్మ గారు సంచీలోంచి దూది తీశారు. "ఒక్క నిమిషం చెవుల్లో పెట్టుకోండి సార్" అని, ఎదురుగా నిలబడి పెదాలు కదిపారు.

"పాప" అన్నాడాయన ధీమాగా.

ఆవిడ బోర్డు మీద పెద్దక్షరాలతో "మామ్మ" అని రాశారు. "ఆ పిల్ల కూడా మీరనుకున్నదే అనుకుందండీ. వాళ్ళింట్లో చెల్లి పుట్టింది."

ప్రెసిడెంటు గారు బోర్డు వంక చూశాడు, పిల్ల వంక చూశాడు, ముందు పొట్ట కదిలింది, తర్వాత నవ్వొచ్చింది. చెవుల్లో దూదితోనే వంగి, "పాప అని చేత్తో ఎలా అనాలమ్మా?" అని అడిగాడు. పిల్ల ఆయన రెండు చేతులూ పట్టుకుని ఉయ్యాలలా ఊపింది. తాళంకప్ప వచ్చిన కారులోనే తిరిగి వెళ్ళిపోయింది. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడు నా చెవులు పోయాయి. ఇంట్లో అందరూ నా మీద అరుస్తారు. వాళ్ళ మూతుల వంక చూస్తూ, అద్దం తెచ్చిస్తే బాగుండుననుకుంటాను. పళ్ళు కొరుకుదామంటే పళ్ళు కూడా లేవు. మొన్న మంగళగిరి ఆటో స్టాండు దగ్గర తల నెరిసిన ఒకావిడ నన్ను చూసి ఆగి, నోటి ముందు ఐదు వేళ్ళూ గుప్పున విప్పింది. రెండు జడల పిల్ల! పక్కన మనవరాలు. తనే మామ్మ అయిపోయింది. ఎలా ఉన్నారు మాస్టారూ అని సైగ చేస్తే, నోరు తెరిచి బోసి చిగుళ్ళు చూపించాను. ఆవిడ నవ్వుతూ అరచెయ్యి నెమ్మదిగా తిరగేసింది. బోర్లాపడ్డారా అని.

ఇంకా లేదు, పడితే బొబ్బట్లకి పిలుస్తాను అన్నాను. చుట్టూ ఆటోల మోత ఉండే ఉంటుంది. మా మాటలకి అదేం అడ్డు రాలేదు.