నిరుపమకు భయం లేదు

పదకొండేళ్లుగా ఆక్లాండ్‌లో మన ఆడవాళ్లకు కారు నడపడం నేర్పుతున్నాను. నా పేరు మంగాదేవి, మాది తణుకు, ఉండేది మౌంట్ రాస్కిల్. నా నోరు మంచిది కాదని నలుగురూ అనుకుంటారని తెలుసు, అనుకోనీ. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి మర్యాదగా చెబితే చెవికెక్కదు. నన్ను ఆంటీ అని పిలిస్తే ఆ రోజు రివర్స్ పార్కింగ్ పది సార్లు చేయిస్తాను, అందుకని అందరూ అక్కా అనే అంటారు.

నా దగ్గరికొచ్చే వాళ్లందరిదీ ఒకటే జబ్బు, భయం. ఒకావిడ రౌండెబౌట్ కనబడగానే కళ్లు మూసుకునేది. ఇంకొకావిడ బస్సు ఎదురొస్తే స్టీరింగ్ వదిలేసి దణ్ణం పెట్టేది. నమ్మండి, ఒట్టు. వాళ్ల భయం వదలగొట్టడమే నా పని, దానికి నా దగ్గరో చిట్కా ఉంది. మొదటి రోజే, "నీకు బాగా ఇష్టమైన పాటేంటమ్మా?" అని అడిగి, దాన్నే కూనిరాగం తీస్తూ నడపమంటాను. నోరు పాడుతుంటే భుజాలు వాటంతటవే దిగుతాయి. పాత పాటలు, కొత్త పాటలు, ఒకావిడైతే లాలిపాట, అన్నిటితోనూ లైసెన్సులు ఇప్పించాను.

నిరుపమను నా దగ్గరికి అక్టోబరులో వర్షిత పంపింది. ఇద్దరూ హోవిక్‌లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తారు. పంపే ముందు వర్షిత నాకు ఫోన్లో అంతా చెప్పింది. నిరుపమది ఒంగోలు, ముప్పై ఆరేళ్లు, ఫ్లాట్ బుష్‌లో ఇల్లు. భర్త లోకేశ్ జులైలో ఆఫీసులో కాఫీ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడట. తొమ్మిదేళ్ల కూతురు, పేరు సిరి. పొద్దున్న ఆరున్నర షిఫ్టుకు లోకేశే దింపేవాడు. ఆయన పోయాక వర్షిత ఎక్కించుకుని వెళ్తోంది. కానీ వర్షిత క్రిస్మస్ అయ్యాక టౌరంగాకు మకాం మారుస్తోంది. ఆ వేళకు అటు పోయే బస్సు లేదు. జనవరి ఐదు నుంచి సొంతంగా రాలేకపోతే ఆ షిఫ్టు ఇంకొకరికి ఇచ్చేస్తామని మేనేజర్ చెప్పేసింది. అంటే ఉద్యోగం పోయినట్టే. ఆ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది.

ఎప్పుడో మూడేళ్ల కింద తీసుకున్న లెర్నర్ లైసెన్సు పర్సులో ఉంది. ప్రతి వేసవికీ లోకేశ్ నేర్పిస్తాననడం, ఈమె వచ్చే వేసవిలో చూద్దాంలే అనడం. అది మన ఇళ్లలో మామూలే.

మొదటి రోజే నాకు ఆశ్చర్యం వేసింది. నా కారులో కూర్చుంది, బెల్టు పెట్టుకుంది, పొమ్మన్నాను, పోయింది. చేతులు బిగుసుకోలేదు. చెమట పట్టలేదు. పక్కనుంచి లారీ పోతే కనీసం అటు చూడలేదు. పాట అడిగాను.

"ఏ పాట లేదక్కా" అంది.

"ఏదీ ఇష్టం లేదా?"

"ఉండేవి. ఇప్పుడు గుర్తు రావట్లా."

సరే, దుఃఖంలో ఉంది కదా అనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆయన రాజారావుతో, "ఈ పిల్ల ఇరవై రోజుల్లో నేర్చేస్తుందండి, ఒక్క రవ్వ భయం లేదు" అని గొప్పగా చెప్పాను. ఆ మాట అన్నందుకు తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

నవంబరు రెండో వారంలో, టె ఇరిరంగి డ్రైవ్ మీద వెళ్తున్నాం. పెద్ద రోడ్డు, మధ్యాహ్నం, ఎండ. పక్క వీధిలోంచి నిచ్చెనలు వేసుకున్న ఒక యూట్, అదే వెనక తొట్టి ఉండే బండి, ఆగకుండా మా ముందుకు వచ్చేసింది. నిరుపమ చూస్తోంది. కాలు మాత్రం యాక్సిలరేటర్ మీదే ఉంది. నా కారులో నా కాళ్ల దగ్గర కూడా బ్రేకు ఉంటుంది కాబట్టి సరిపోయింది, రెండు కాళ్లతో తొక్కాను. యూట్ వెనక బంపర్‌కూ మాకూ మధ్య జానెడు కూడా లేదు. వాడు చేయి ఊపి వెళ్లిపోయాడు, వాడి మొహం మండ.

కారు పక్కకు తీయించాను. నా గుండె నోట్లోకి వచ్చి కూర్చుంది.

"చూశావా వాణ్ని?"

"చూశానక్కా."

"చూసి?"

"ఆగుతాడేమో అనుకున్నా."

"ఆగకపోతే?"

ఆ పిల్ల నిజంగానే ఆలోచించింది. "ఆగకపోతే తగిలేది" అంది. ఆ తర్వాత నా వాలకం చూసి, తన బ్యాగులోంచి మంచినీళ్ల సీసా తీసి మూత తిప్పి ఇచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్లు తాగి అరవడం మొదలుపెట్టాను. బుర్ర ఉందా, పెళ్లయి పిల్ల ఉన్నదానివి, నీతోపాటు నన్నూ పంపించేద్దామనుకున్నావా, అన్నీ అన్నాను. ఆమె తలూపుతూ విన్నది. మంచి స్టూడెంటు నోట్సు రాసుకుంటున్నట్టు విన్నది.

చివరికి భయపడుతూనే అడిగాను. "నిజం చెప్పు నిరుపమా. చచ్చిపోవాలని ఏమైనా ఉందా?"

"అయ్యో, లేదక్కా. సిరి ఉందిగా. డాక్టరు కూడా అడిగారు. అదేం లేదు. ఊరికే, ఏమీ అనిపించదు. ఆకలి కూడా వేయదు, టైం చూసి తింటా. టైం పడుతుంది అన్నారు."

"అనిపించేదాకా నిన్ను టెస్టుకు తీసుకెళ్లను."

"జనవరి ఐదక్కా" అంది. బతిమాలలేదు. తారీఖు గుర్తుచేసింది, అంతే.

ఏం చేయను? తీసుకెళ్లకపోతే ఉద్యోగం పోతుంది. తీసుకెళ్తే ఆ పిల్ల ఒంటరిగా రోడ్డెక్కుతుంది, పక్కన నేనుండను, నా బ్రేకు ఉండదు. ఇన్నేళ్లూ భయం పోగొట్టడమే నేర్చుకున్నాను గానీ, భయం పెట్టడం నాకు చేతకాదు. అరిచి చూశాను. ప్రమాదాల వీడియోలు చూపించాను, "పాపం" అంది. ఆఖరికి ఇంకో దారి పట్టాను. భయం రాకపోతే లెక్క నేర్చుకోమన్నాను. ఐదు అంకెలు లెక్కపెట్టి అద్దం చూడు. పక్క వీధిలో బండి మూతి కనబడితే కాలు బ్రేకు మీదకు పోవాలి, ఆలోచించకు. మలుపుకు ముందు భుజం మీదుగా వెనక్కి చూడు. అన్నీ ఎక్కాల్లాగా బట్టీ పట్టించాను. పట్టేసింది. తప్పు పోవడం మానేసింది. రోజురోజుకూ బాగా నడుపుతోంది, నాకు రోజురోజుకూ నిద్ర తగ్గుతోంది.

డిసెంబరులో లోకేశ్ కారులోకి మారాం. రేపు తను నడపాల్సింది దాన్నే కదా. జపాను నుంచి వచ్చిన వెండి రంగు బండి. తాళం తిప్పగానే డాష్‌బోర్డులోంచి జపాను ఆవిడెవరో మర్యాదగా ఏదో చెబుతుంది. ఈ దేశంలో సగం మంది కార్లలో ఉంటుందావిడ, ఏం చెబుతుందో ఎవరికీ తెలియదు. నేనైతే, "సరేనమ్మా, నువ్వు భోంచేశావా?" అంటాను. ఆ కార్ల రేడియోలు ఇక్కడి స్టేషన్లు సగం పట్టవు. అందుకని లోకేశ్ పెన్‌డ్రైవ్‌లో మూడొందల పాటలు పెట్టుకున్నాడు. నిన్న ఆపిన చోటునుంచి ఇవాళ పాట అందుకుంటుంది. నిరుపమ దాన్ని ఆపదు, సౌండు పెంచదు, తగ్గించదు.

నాకు ఆ పాటలు ప్రాణం. కార్లంటే నాకు పాటలే. మా తణుకులో అద్దె అంబాసిడర్‌లో ద్వారకా తిరుమల వెళ్తూ విన్నవి ఇప్పటికీ వరుస తప్పకుండా చెప్పగలను. ఒక వాన పాట వస్తే నేను ఆపుకోలేక గొంతు కలిపాను.

"ఇందులో నీ పాట ఒక్కటైనా లేదా?" అన్నాను.

"అన్నీ ఆయనవే. నావి పెట్టమని పోట్లాడేదాన్ని."

"నీదేది మరి?"

రెండు సిగ్నళ్లు దాటేదాకా ఆలోచించింది. "రావట్లేదక్కా" అంది, పక్కింటివాళ్ల తాళం వెతికి దొరకలేదని చెప్పినట్టు.

ఊరంతా పండగే. సూపర్‌మార్కెట్లలో నవంబరు నుంచే ఆ గంటల పాటలు. ఇక్కడ డిసెంబరంటే ఎండాకాలం, అయినా మంచు బొమ్మలు. పోహుటుకావా చెట్ల ఎర్ర పూలు రాలి కార్ల అద్దాల నిండా పడుతున్నాయి. సిరి బడి నుంచి తెచ్చిన క్రిస్మస్ జింక గుడ్డ కొమ్ములు రెండు కారు కిటికీలకు తగిలించింది, ముందు ఒక ఎర్ర ముక్కు. నిరుపమకు పనిలో సీక్రెట్ శాంటా కింద వచ్చిన పొట్లం గ్లోవ్‌బాక్స్‌లో అలాగే ఉంది. విప్పలేదేంటే అంటే, "విప్పుతా" అంది. ప్రతి క్లాసుకూ అడిగాను, ప్రతిసారీ అదే మాట.

టెస్టు పందొమ్మిదో తారీఖున. కారు కొమ్ములతోనే వచ్చింది. నేను తిట్టుకుంటూ పీకి వెనక సీట్లో పడేశాను. ముప్పావుగంట తర్వాత తిరిగొచ్చారు. తెల్ల గడ్డం ఆఫీసరు నవ్వుతూ కాగితం ఇచ్చి, ఈ వారంలో ఇంత నిబ్బరమైన డ్రైవర్ని చూడలేదని నాతో అన్నాడు. ఒక్క తప్పు లేదు. నిరుపమ, "థాంక్సక్కా" అంది. మామూలుగా లైసెన్సు వచ్చిన రోజు వాళ్లు నన్ను పట్టుకుని ఏడుస్తారు, నేను విసుక్కుంటాను. ఆ రోజు విసుక్కోవడానికి ఏమీ దొరకలేదు.

ఈ మొదటి లైసెన్సుతో వేరేవాళ్లను ఎక్కించుకోకూడదు గానీ సొంత పిల్లను ఎక్కించుకోవచ్చు. అందుకే క్రిస్మస్ రోజు మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నాను. ఆ రోజు రోడ్లు ఖాళీగా ఉంటాయి, సిరితో మొదటి ప్రయాణం దూరమైనా పరవాలేదని నా లెక్క. పులిహోర, కోడి వేపుడు చేశాను. సిరి కోసం పావ్లోవా కేకు కొన్నాను. పన్నెండుకు రావాలి.

పన్నెండున్నర అయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఒంటిగంట అయింది. గుమ్మంలోకీ వంటింట్లోకీ తిరిగాను. "వస్తార్లేవే" అన్నందుకు మా ఆయన మీద నోరు పారేసుకున్నాను. ఆ యూట్, ఆ జానెడు దూరం, "తగిలేది" అన్న ఆ గొంతు, అవే కళ్ల ముందు. నేనే నేర్పాను. నేనే టెస్టుకు తీసుకెళ్లాను. ఆ తల్లీబిడ్డలకు ఏమైనా అయితే ఆ పాపం నాదే.

ఒంటిగంట పదికి ఫోన్ మోగింది.

"అక్కా." ఆ గొంతు నేనెప్పుడూ విననిది. "మీ వెనక వీధిలో, మూల మీద డైరీ ఉందే, మూసేసిన కొట్టు, దాని ముందున్నా. రాలేను."

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాను. కారు ఒక చక్రం ఫుట్‌పాత్ ఎక్కి ఉంది. బండికి ఒక్క గీత లేదు. నిరుపమ రెండు చేతులూ స్టీరింగ్‌ను కరుచుకుని ఉన్నాయి, భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి. మొహమంతా తడి. వెనక సిరి బిక్కమొహం వేసుకుని, "ఐ వాజ్ ఓన్లీ సింగింగ్, ఆంటీ" అంది.

ముందు సీట్లో కూర్చున్నాను. "ఏమైందే తల్లీ?"

"ఏమీ కాలేదక్కా. మోటర్‌వే ఎక్కేదాకా రోజూలాగే. ఇది వెనక కూర్చుని ఆ వాన పాట అందుకుంది. దీనికి తెలుగు పాటలు రావనుకున్నా. మొత్తం వచ్చు. మాటలన్నీ తప్పులే, కానీ మొత్తం. బడికి దింపేటప్పుడు ఆయన నేర్పుంటాడు. అద్దంలో చూశా. కాళ్లూపుకుంటూ పాడుతోంది. అప్పుడే పక్కన లారీ పోయింది. వందలో ఉన్నానక్కా, వందలో! దీనికేమన్నా అయితే? దిగిపోదామంటే దారి లేదు. ఎట్లా వచ్చానో తెలీదు. భయమేస్తోందక్కా. చానా భయమేస్తోంది."

వీపు నిమిరాను. ఆమె నా వైపు తిరిగింది.

"లోకేశ్ లేడక్కా" అంది.

జులై నుంచీ తెలిసిన సంగతే అయినా, ఇప్పుడే ఎవరో ఫోన్ చేసి చెప్పినట్టు చెప్పింది. చెప్పి, స్టీరింగ్ మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. సిరి వెనకనుంచి వాళ్లమ్మ మెడ పట్టుకుని తనూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

కొంతసేపయ్యాక, "మీరు నడపండక్కా, నావల్ల కాదు" అంది.

"నేను నడపను. రెండు వీధులే. నువ్వే పట్టుకురా."

"ఏమన్నా అయితే?"

"అందుకేగా చూసి నడపమనేది."

కళ్లు తుడుచుకుని కారు తీసింది. స్పీడు పదిహేను దాటనివ్వలేదు. ఒక్క పురుగు లేని కూడలిలో ఆగి, కుడికి చూసింది, ఎడమకు చూసింది, మళ్లీ కుడికి, మళ్లీ ఎడమకు. వెనకెవడో హారన్ కొట్టాడు. నేను తల బయట పెట్టి వాడికి తణుకు భాషలో సమాధానం చెప్పాను. మలుపులో సిగ్నల్ వేయబోయి వైపర్లు వేసింది. మా గేటు ముందు గడ్డి మీదకు ఎక్కించి, "అమ్మా" అని అరిచి ఆపింది. టెస్టైతే మొదటి మలుపులోనే ఫెయిల్ చేసి పంపేవాళ్లు. నా పదకొండేళ్లలో అంత అధ్వానంగా కారు నడిపిన మనిషిని నేను చూడలేదు. ఆ పిల్ల పక్కన కూర్చుంటే నాకు భయం వేయకపోవడం అదే మొదటిసారి.